ఎండినా అది చెరువే

మా సొసైటీలో ఒక లేక్ ఉంది. ఫ్లాట్లు అమ్మేటప్పుడు అలాగే చెప్పారు. నిజానికి అదొక సిమెంటు తొట్టి. అడుగున నీలం పలకలు, మధ్యలో ఫౌంటెన్, చుట్టూ వాకింగ్ చేసే అంకుల్స్. ఏటా వేసవి మొదట్లో నీళ్ళు తోడేసి, అడుగున పేరుకున్న బురద ఎత్తి గోనెసంచుల్లో నింపి చెత్త బండి ఎక్కిస్తారు. మొన్న శనివారం ఆ పని జరుగుతుంటే పాలప్యాకెట్లు పట్టుకుని అటుగా వస్తున్న నేను ఆగిపోయాను. ఒక సంచి మూతి విప్పి ఉంది. ప్యాకెట్లు గట్టు మీద పెట్టి, గుప్పెడు బురద తీసి, రెండు అరచేతుల మధ్య పాములా సాగదీసి, మెల్లగా వంచి చూశాను. విరిగిపోయింది. వాసన చూస్తే క్లోరిన్ కంపు.

"మేడమ్, గందా హై," అన్నాడు హౌస్‌కీపింగ్ భయ్యా కంగారుగా. వాకింగ్ అంకుల్ ఒకాయన నన్ను ఎగాదిగా చూసి తప్పుకుని వెళ్ళాడు. వెళ్తే వెళ్ళాడు.

మట్టిని అలా పాము చేసి చూడడం మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నేర్పిన మనిషి ఈ చలికాలం చివర్లో పోయింది. ఆమె ఊళ్ళో మగవాళ్ళు ఇప్పటికీ ఆమెను 'పాగల్ మద్రాసన్' అనే చెప్పుకుంటున్నారు. దక్షిణాది ఆడమనిషి ఎవరైనా సరే, అక్కడివాళ్ళకు మద్రాసనే. పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలంటారు కదా, ఆ మర్యాద కూడా ఆమెకు దక్కలేదు. నాకు ఒళ్ళు మండి ఇది రాస్తున్నాను. ఇది చదివి ఆమెకు పిచ్చి ఉందని ఎవరికైనా అనిపిస్తే, ఆ పిచ్చి నాకూ ఉందనుకోండి.

నేను గ్రేటర్ నోయిడాలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో మా హాస్టల్ వెనక మంగళవారం సంత పెట్టేవారు. తెనాలి నుంచి వచ్చినదాన్ని. హాస్టల్ రాజ్మా, ఆలూ తిని తిని నోరు చచ్చిపోయి, ఒక కూరగాయలవాడికి గోంగూర అంటే ఏమిటో చేతులతో వర్ణించి చెబుతున్నాను. పుల్లటి ఆకు భయ్యా, ఎర్ర కాడ భయ్యా అంటుంటే అతను పాలకూర, మెంతికూర, చుక్కకూర ఒక్కొక్కటే ఓపిగ్గా ఎత్తి చూపిస్తున్నాడు. వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

"తెలుగు పిల్లవా? పుంటికూర కోసం గింత తిప్పలు పడుతున్నవా?"

తిరిగి చూశాను. యాభై దాటిన మనిషి. నేత చీర, కొంగు నడుముకు బిగించి చెక్కి, కాళ్ళకు మగవాళ్ళ రబ్బరు బూట్లు. 

"పుంటికూర కాదు ఆంటీ, గోంగూర," అన్నాను.

"మీకు గోంగూర, మాకు పుంటికూర. పేరు మారితే పులుపు పోతదా? నా చేన్ల మస్తుగున్నది, ఇస్త. గని ఆంటీ అంటే ఇయ్య. చిన్నమ్మా అను."

నోరు చచ్చిన మనిషికి పౌరుషం ఎక్కడిది? అక్కడికక్కడే చిన్నమ్మా అన్నాను. 'మీరు' మాత్రం వదల్లేకపోయాను. "మీరేంది, నేనేమన్న మీ కాలేజి ప్రిన్సిపాల్నా?" అని ఎన్నిసార్లు కసిరినా నా నోటికి 'నువ్వు' రాలేదు. చివరిదాకా ఆమె నన్ను 'పోరీ' అని, నేను ఆమెను 'మీరు' అని పిలుచుకుంటూనే గడిపాం.

ఆమెది సిద్దిపేట వైపు పల్లె. భర్త మా హాస్టల్ పక్క ఊరివాడు. సైన్యంలో ఉండి సికింద్రాబాద్‌లో పనిచేస్తున్నప్పుడు పరిచయం. అంతకు మించి నాకు తెలియదు. ఆ కథ చెప్పమని మేం హాస్టల్ అమ్మాయిలం బతిమాలితే, "కలిసినం, వచ్చిన" అని రెండు మాటల్లో తేల్చేసి పొయ్యి దగ్గరికి పోయేది. ఊరంతా ఆయన్ని ఫౌజీ అనేవారు. ఆయన మాట్లాడగా నేను విన్నది తక్కువ. ఆమె ఏదైనా అనగానే ట్రాక్టర్ తాళం తీసుకుని లేచేవాడు, అదే ఆయన జవాబు.

ఊరు ఊరులా ఉండేది కాదు. చుట్టూ సెక్టార్లు లేచి, కాలేజీలూ టవర్లూ కమ్ముకుని, మధ్యలో కొన్ని వీధులూ కొన్ని గేదెలూ ఒక చెరువూ మిగిలాయి. చెరువును అక్కడ తాలాబ్ అనేవారు. ఆ వీధుల్లో ఆడవాళ్ళందరూ గడ్డం దాకా ముసుగు వేసుకుని తిరిగితే, ఈమె ఒక్కతే నెత్తిన కొంగు లేకుండా, చీరతో, బూట్లతో నడిచేది. కాపురానికి వచ్చిన కొత్తలో ముసుగు వేయమని అత్తగారు పోరితే, "మొగం గప్పుకుంటే తట్ట ఎత్తినప్పుడు కాళ్ళ కింద ఏమున్నదో ఎట్ల కనపడ్తది?" అందట. తట్ట ఎందుకు ఎత్తాలి అని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే తర్వాత జరిగిన కథ వాళ్ళకు ముందే తెలిసేది.

ఆ కథ ఆమె నవ్వుతూ చెప్పేది. తనను తాను తిట్టుకుంటూ చెప్పేది.

"మా దిక్కు అన్ని చెలకలు. ఎర్రమన్ను, ఇసుకపాలు. వాన పడ్డదంటే నీళ్ళు నిలువయి, జారిపోతయి. అందుకే చెరువు ఎండంగనే ఊరంత కలిసి మన్ను తోలుతరు. అది పోసినంక కొన్నేండ్లు చేను సల్లగుంటది. నేను ఈడికొచ్చి చూస్తె, తాలాబ్ నిండ నల్లటి ఒండ్రు. ఎవడు ముట్టడు. ఓరి నీ పాడుగాను, అన్నం గిన్నె ముందట పెట్టుకొని ఉపాసముంటున్నరు అనుకున్న."

అత్తింటివాళ్ళు తేరుకునేలోగా ఫౌజీ చేత ట్రాక్టర్ తోలించి, కుటుంబంలో అన్నిటికంటే మంచి పొలంలో, మంచి పొలం కాబట్టే, ట్రాలీల కొద్దీ ఒండ్రు మందంగా పోయించింది. అది గంగాయమునల మధ్య నేల. అసలే మెత్తటి ఒండ్రు నేల. దాని మీద ఇంకా ఒండ్రు పడి, మొదటి తడికి పెంకులా బిగుసుకుపోయింది. గోధుమ మొలకలు పైకి రాలేక లోపలే వంకర్లు తిరిగి చచ్చాయి. ఆ ఏడు ఆ ఇంటివాళ్ళు తిండికి పిండి బజారులో కొనుక్కోవాల్సి వచ్చింది. భూమి ఉన్నవాళ్ళకు అక్కడ అంతకంటే తలవంపు లేదు. ఆమె తోటికోడలు, అంటే ఫౌజీ వదిన, ఆ సంగతి వీధి వీధికీ మోసింది. మద్రాసన్ వచ్చి బురద తినిపించింది అని.

"తప్పు మన్నుది గాదు పోరీ, నాది. నా చెలకకు పనికొచ్చిన మందు తెచ్చి బాగున్నోని నోట్ల పోసిన," అనేది ఆమె. తప్పు ఒప్పుకోవడంలో సిగ్గూ లేదు, వంగిపోవడమూ లేదు. తప్పు ఒప్పుకుంది గనక ఇక నోరు మూసుకోవాలి అని ఊరు అనుకుంటే, అది ఊరి పొరపాటు.

అన్నదమ్ములు పొలాలు పంచుకున్నప్పుడు ఈమె వాటాకు ఊరి చివర ఇసుక దిబ్బ పడేశారు. అక్కడి భాషలో అలాంటి నేలను భూడ్ అంటారు. వానాకాలం కాస్త సజ్జ తప్ప దాని మీద ఏదీ నిలిచేది కాదు. నీకు తాలాబ్ మట్టి అంటే ఇష్టం కదా, పో, అక్కడ పోసుకో అని తోటికోడలు అందరి ముందూ అంది. మగవాళ్ళు నవ్వారు.

"నాకు నవ్వు ఆగలె బిడ్డా. కొంగు నోట్ల కుక్కుకున్న. ఇసుక చేను అది. అచ్చం మా చెలకే. నాకు కావల్సిందే నా చేతుల పెట్టి శిక్ష ఏసినమనుకున్నరు."

నేను చూసే నాటికి ఆ దిబ్బ దిబ్బలా లేదు. ఆవాలు పసుపుపచ్చగా పూసేవి. గట్ల మీద గోంగూర నిటారుగా నిలబడేది. నీళ్ళు పెట్టిన చాలా రోజుల తర్వాత కూడా వేలు గుచ్చితే లోపల చల్లగా తగిలేది. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆ మట్టిలోకి దించి, "చూసినవా?" అనేది. చూశానన్నా వదిలేది కాదు. ఇంకొంచెం లోపలికి పెట్టు అనేది.

ఆదివారాలు మేం అయిదారుగురం ఆమె ఇంటికి భోజనానికి పోయేవాళ్ళం. పప్పు, పుంటికూర తొక్కు, వేడన్నం. ఆమె పెట్టిన షరతు ఒకటే: తిన్నవాళ్ళు మే నెలలో వచ్చి తట్ట ఎత్తాలి. మొదటి ఏడు నేను సరదాగా ఒప్పుకున్నాను. వెళ్ళాక తెలిసింది, అది సరదా కాదు. ఢిల్లీ మే ఎండ ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. లూ అనే అక్కడి వడగాలి మొహం మీద కొడుతుంటే, ఎండిన చెరువు అడుగున గడ్డపారతో పెళ్ళలు లేపి, ఇనప తట్టల్లోకి ఎత్తి, ట్రాలీలో పోయాలి. ఆమె మధ్యలో నిలబడి అరిచేది.

"ఆ మూలకు పోవద్దు. అది మోరీ పడే జాగ. సబ్బు నీళ్ళు, కార్ఖానా నీళ్ళు అన్ని ఆడనే కూర్చుంటయి. అది చేన్ల ఏస్తే చేను సస్తది."

ప్రతి కొత్త చోటా ఆమె ముందు ఒక ముద్ద తడిపి అరచేతుల్లో పాము చేసేది. వంగితే తవ్వమనేది. విరిగితే ఇసుక, వదిలేయమనేది. వాసన చూసి మొహం చిట్లిస్తే ఇక ఆ జోలికి పోకూడదు. నల్లది అయిపోయి అడుగున పచ్చ మట్టి కనబడగానే గడ్డపార లాక్కునేది. ఆ పచ్చ మట్టి చెరువు అడుగట, దాన్ని పొడిస్తే నీళ్ళు నిలవవట. చేలో పోసిన కుప్పలు ఎండకు పగిలి పిండి అయ్యేదాకా అలాగే ఉంచి, పల్చగా పరిచి, తొలివానకు దున్నించేది. మందంగా వేస్తే ఏమవుతుందో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు.

"మా వైపు ఇలాంటివేం లేవు చిన్నమ్మా," అన్నాను ఒకసారి, చేతులు బొబ్బలెక్కిన కోపంలో.

"ఎందుకుంటది? కాల్వ కింద పుట్టినోళ్ళు మీరు. మీకు నీళ్ళతోటే మన్ను కొట్టుకొస్తది. మేం నెత్తిన మోసుకుంటం. పో, తట్ట నిండలె ఇంక."

నాకు ఉడుకుమోత్తనం వచ్చి తట్ట పొర్లిపోయేలా నింపాను. ఆమెకు కావలసింది అదే.

ఊరు మాత్రం చాలా కాలం ఆమె మీద అలిగింది. మురికి తోడుతోందని తోటికోడలు తన గేదెలను చెరువుకు తోలడం మానేసింది. అప్పుడు ఈమె పంచాయతీ అరుగు దగ్గర మగవాళ్ళంతా వింటుండగా, చెరువు మీద అలిగి ముడ్డి కడుక్కోనట్టుంది మీ పని అనే మన సామెతను హిందీలోకి దించి వినిపించింది. అరుగు అరుగంతా పగలబడి నవ్వింది. తోటికోడలు ముసుగు వెనక ఏమైందో తెలియదు గాని, ఆ తర్వాత ఇద్దరి మధ్య మామూలు మాటలు బందయ్యాయి. గోడకు అటూ ఇటూ నిలబడి పోట్లాడుకోవడం మాత్రం రోజూ సాగేది. ఆమె హిందీలో, ఈమె తెలుగులో. ఎవరికీ అర్థం తెలియనక్కర్లేనంత స్పష్టంగా ఉండేది. ఒకరికి జ్వరం వచ్చి పోట్లాట తప్పితే రెండోవాళ్ళు గోడ దగ్గరికి రెండు మూడు సార్లు వచ్చి చూసి పోయేవారు.

ఆ ఊళ్ళో పెళ్ళికి ముందు ఆడవాళ్ళు పాటలు పాడుతూ చెరువు గట్టుకు వెళ్ళి, చిన్న తాపీతో చిటికెడు మట్టి తీసి పళ్ళెంలో పెట్టుకుని వస్తారు. ఒక పెళ్ళిలో ఈమె ఆ పళ్ళెం చూసి అడ్డం తిరిగింది. మీ ముత్తవ్వలు చిటికెడు తియ్యమన్నారా, తట్టెడు తియ్యమన్నారా అని. పెళ్ళి జరిగిన ప్రతి ఇల్లూ తట్టెడు తీస్తే చెరువు పూడదని కదా వాళ్ళు పెట్టింది, మీరు దాన్ని పసుపూ కుంకుమా చేసి కూర్చోబెట్టారు అని. పెళ్ళివారికి కోపం వచ్చింది. శుభకార్యంలో ఈ గోలేమిటని ఆమెను పంపేశారు. ఆమె వచ్చేసి, తన తరఫున తట్టెడు తీసి చేలో పోసి, పెళ్ళికూతురు పేరు చెప్పి దండం పెట్టుకుంది.

నేను చదువు ముగించి నోయిడాలో ఉద్యోగంలో చేరాక కూడా మే నెలలో వెళ్ళేదాన్ని. అప్పటికి ఊళ్ళోకి ఒక ప్లాట్ల వ్యాపారి దిగాడు. తెల్ల బట్టలు, తెల్ల కారు, అందరినీ చాచా, చాచీ అని పిలిచే మంచితనం. చెరువు ఎండిన నెలల్లో ఒక అంచున కూల్చిన ఇళ్ళ శిథిలాలు, అంటే మలబా, కొంచెం కొంచెం పోయించేవాడు. ఒక్కసారిగా పూడ్చలేదు. ఈ ఏడు కొంత, వచ్చే ఏడు కొంత. దాని మీద ఎవరో కారు ఆపుకున్నారు, ఎవరో క్రికెట్ ఆడుకున్నారు. కాగితాల మీద అది చెరువే. కాని కళ్ళకు ఖాళీ జాగాలా కనబడడం మొదలైతే కాగితం మార్చడం ఎంతసేపు?

"చెరువును సంపాలంటే ఎవడు ఏం చెయ్యనక్కర్లేదు. తవ్వుడు ఆపితే చాలు, అదే సస్తది," అంది ఆమె. "నాకు మన్ను కావాలె. చెరువుకు మన్ను పోవాలె. నాకు దానికి కుదిరింది గందుకే."

తర్వాత ఆమె ఇసుక చేను రోడ్డు కింద పోయింది. పెద్ద రోడ్డు వస్తోందని అధికారులు తీసుకున్నారు. ఆవాలు కోయకముందే చదును చేశారు. ఆమె ఆ రోజు గట్టు మీద కూర్చుని, ఎన్నో ఏళ్ళు మోసి పోసిన నల్లమట్టిని యంత్రం పక్కకు తోసేస్తుంటే చూసింది. నాకు ఫోన్ చేసి చెప్పింది. గొంతు మామూలుగానే ఉంది.

ఇక మద్రాసన్ పీడ వదిలిందని ఊరు అనుకుంది. వ్యాపారి మరీ అనుకున్నాడు. చేను లేని మనిషికి మట్టి ఎందుకు? మే నెల వచ్చింది. ఆమె బూట్లు వేసుకుని, కొంగు చెక్కి, గడ్డపార పట్టుకుని చెరువులో దిగింది. ఫౌజీ తాళం తీసుకుని లేచాడు. హిండన్ నది ఇసుకలో కూరగాయలు పండించే కౌలు రైతులకు ఆమె ముందే కబురు పంపింది. వాళ్ళు దున్నపోతు బండ్లు కట్టుకుని వచ్చారు. ఆ బండిని అక్కడ బుగ్గీ అంటారు. ఇసుకలో సొరా, కాకరా వేసుకునేవాళ్ళు, ఒండ్రు విలువ తెలిసినవాళ్ళు. బుగ్గీలు వరసగా చెరువు అడుగుకు దిగుతుంటే అప్పుడు అర్థమైంది అందరికీ, ఆమె తవ్వేది ఒక్క తన చేను కోసం కాదని. నాకూ అప్పుడే పూర్తిగా అర్థమైంది.

ఆ ఏడే, వానలకు ముందు, ఒక అధికారి పరిశీలనకు వచ్చాడు. అక్కడ చెరువు లేనే లేదని ఎవరో అర్జీ పెట్టారు. ఎవరో అంటే ఎవరో అందరికీ తెలుసు. నేను ఆఫీసుకు సెలవు పెట్టి వెళ్ళాను. అధికారి కారు దిగి గట్టు మీదే నిలబడ్డాడు. పక్కన వ్యాపారి గొడుగు పట్టాడు. అరుగు మీద మగవాళ్ళు హుక్కా మధ్యలో పెట్టుకుని కూర్చుని చూస్తున్నారు. ఒక్కడూ లేచి రాలేదు. ఎదురింటి మేడ మీద తోటికోడలు ముసుగుతో నిలబడి ఉంది. చెరువు అడుగున ఈమె, బుగ్గీలవాళ్ళు, నేను. ఆమె సిద్దిపేట యాసలో మాట్లాడిన హిందీని తెలుగులో రాస్తున్నాను.

"ఇక్కడ నీళ్ళెక్కడున్నాయమ్మా? ఇది ఖాళీ జాగా," అన్నాడు అధికారి.

"మీ ఇంట్లో కూలర్లో నీళ్ళయిపోతే దాన్ని కూలర్ అనరా సాబ్? ఎండింది. ఎండినా ఇది చెరువే. ఎండితేనే దీని పని చెయ్యగలం. నీళ్ళుంటే గేదెలు తాగుతాయి, లేకపోతే మేం తవ్వుతాం."

వ్యాపారి నవ్వాడు. "సాబ్, ఈమెకు ఈ ఊళ్ళో ఇప్పుడు పొలం కూడా లేదు. బయటి మనిషి."

"లేదు కాబట్టే మాట్లాడుతున్నాను," అందామె. "నాకు ఇందులో వచ్చేది ఏమీ లేదు. నీకేం వస్తుందో సాబ్‌కు నువ్వు చెప్పు."

వ్యాపారి గొడుగు సర్దుకున్నాడు. ఆమె ఒక ముద్ద తడిపి, పాము చేసి, వంచి, చెయ్యి పైకి చాపింది. "మలబా ఇలా వంగుతుందా సాబ్? దిగి చూడండి. చెరువును గట్టు మీద నిలబడి చూస్తే కనపడదు."

అధికారి తన బూట్ల వైపు చూసుకున్నాడు. చూసినంత రాస్తాను అని కారెక్కాడు. ఏం చూశాడో ఏం రాశాడో మాకు తెలియలేదు. ఆ వానలకు ఆమె తవ్విన మేర నీళ్ళు నిండాయి. తవ్వని మేర, మలబా పడ్డ మేర, చలికాలానికి ప్రహరీ లేచింది. తర్వాత అందులో పెళ్ళిళ్ళ హాలు వెలిసింది. నేను ఫోన్లో ఆ వ్యాపారిని నాకు వచ్చిన బూతులన్నీ తిట్టాను. ఆమె అంతా విని, "సగం పోయింది. సగం ఉన్నది గద. ఉన్నదాన్ని తవ్వుత. మే నెలల సెలవు పెట్టుకో," అంది. ఆ తర్వాత ఏళ్ళలో గోడకు అటువైపు బరాత్‌వాళ్ళు డీజే పెట్టుకుని ఎగురుతుంటే, ఇటువైపు మేం తట్టలు ఎత్తాం. నాకు ఆ పాటలన్నీ ఇప్పుడు కంఠతా వచ్చు.

ఈ మాఘమాసంలో ఆమెకు ఛాతీలో నొప్పి వచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్తుండగానే పోయింది. నాకు కబురు తెలిసి వెళ్ళేసరికి దహనం అయిపోయింది. ఫౌజీ నన్ను చూసి లోపలికి వెళ్ళి ఒక గ్లాసు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

అక్కడ మనిషి పోతే పదమూడో రోజుదాకా ఊరి ఆడవాళ్ళు మధ్యాహ్నాలు వచ్చి వాకిట్లో దరీ, అంటే జంపఖానా, పరుచుకుని కూర్చుంటారు. గొంతు కలిపి ఏడుస్తారు. పదమూడో రోజు తేరహవీ భోజనాలతో ఆ ఏడుపు ముగుస్తుంది. ఆ రోజు నేను వెళ్ళాను. వాకిలి నిండా జనం, పూరీలు, హల్వా. ప్లాట్ల వ్యాపారి కూడా వచ్చి పంక్తిలో కూర్చుని తింటున్నాడు. మంచివాడు కదా, పిలిస్తే ఎవరింటికైనా వస్తాడు.

పంక్తి సగంలో ఉండగా చెరువు వైపు నుంచి ట్రాక్టర్ చప్పుడు వినబడింది. నిండు ట్రాలీ ఎత్తు ఎక్కేటప్పుడు వచ్చే మూలుగు. అందరూ విన్నారు. మలబా అని అందరికీ తెలిసింది. ఆమె లేదు, ఇంటిల్లిపాదీ తేరహవీలో ఉన్నారు, ఇంతకంటే మంచి రోజు దొరకదు. మగవాళ్ళు తలలు దించుకుని పూరీలు తుంచుకున్నారు. నేను లేవబోయాను. నాకంటే ముందు లేచింది తోటికోడలు. ముసుగు అలాగే ఉంది. వంగి దరీ ఒక కొస పట్టుకుని, మీద కూర్చున్న ఆడవాళ్ళను లేవండి అంది.

"ఎక్కడికి చాచీ?" అన్నాడు వ్యాపారి పంక్తిలోంచే, మర్యాదగా. "తేరహవీ అయిపోయింది కదా."

"అయిపోయిందని చెప్పడానికి నువ్వెవడివి? చచ్చింది నా తోటికోడలు," అందామె. "మాకు ఏడుపు ఇంకా ఉంది. తాలాబ్ దగ్గర కూర్చుని ఏడుస్తాం."

దరీని నలుగురు ఆడవాళ్ళు నెత్తి మీద ఎత్తుకున్నారు. మిగతావాళ్ళు వెనక నడిచారు. నేనూ నడిచాను. ట్రాక్టర్ అప్పటికే గట్టు ఎక్కి, ట్రాలీని వెనక్కి పెడుతోంది. దాని వెనక, నీళ్ళు తీసిన అంచున, సరిగ్గా మలబా పడవలసిన చోట, దరీ పరిచి కూర్చున్నారు. డ్రైవర్ తల తిప్పి చూసి బ్రేకు వేశాడు. తోటికోడలు గొంతెత్తింది. ఏడుపు పాటలో ఆమె అన్నవన్నీ తిట్లే. ఓ మద్రాసన్, ఓ దొంగదానా, గొడవ మధ్యలో లేచిపోతావా, ఆ గోడ దగ్గర నేనిక ఎవరితో పోట్లాడేది, నీ బురద నేను ఎవరికి చెప్పి నవ్వించేది అని. ఆడవాళ్ళంతా గుండెలు బాదుకుంటూ ఆ తిట్లనే అందుకున్నారు.

వ్యాపారి హల్వా చేత్తోనే పరుగెత్తుకొచ్చి కొంచెం దూరంలో ఆగిపోయాడు. శోకంలో కూర్చున్న ఆడవాళ్ళను ఆ వైపు ఏ మగవాడూ లేపడు. లేపినవాడి ఇంట్లో ఇక శుభం జరగదని వాళ్ళ నమ్మకం. అతను డ్రైవర్ వైపు చూశాడు. డ్రైవర్ మెడలోని తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకుని, తల వంచుకుని, నిండు ట్రాలీతోనే గట్టు దిగి వెళ్ళిపోయాడు. ఫౌజీ ఒక బిందెడు నీళ్ళు తెచ్చి మా పక్కన పెట్టి, మగవాళ్ళు అక్కడ కూర్చోకూడదు కాబట్టి దూరంగా వెళ్ళి నిలబడ్డాడు.

ట్రాక్టర్ పోయింది, ఇక లేస్తారనుకున్నాను. ఎవరూ లేవలేదు. అప్పటిదాకా ట్రాక్టర్ వినాలని ఏడ్చారు. ఇప్పుడు తోటికోడలు గొంతు బొంగురుపోయి, తిట్లు ఆగిపోయి, మాటలు లేకుండా ముందుకీ వెనక్కీ ఊగుతూ ఏడ్చింది. నేను ఆమె భుజం పట్టుకుని ఏడ్చాను. చిన్నమ్మా అని తెలుగులోనే ఏడ్చాను. పొద్దు వాలాక ఆమె ముక్కు చీదుకుని, వ్యాపారి ఇంకా అక్కడే ఉన్నాడో లేదో చూసి, ఉన్నాడని తెలిసి, అతనికి వినబడేలా ఆడవాళ్ళతో అంది. రేపూ రావాలి, ఎల్లుండీ రావాలి, చెరువు ఎండి తవ్వకం మొదలయ్యేదాకా రోజూ వచ్చి ఇక్కడే ఏడవాలి అని.

మర్నాడు నేను ఆఫీసుకు సెలవు పెట్టి మధ్యాహ్నానికి అక్కడికి వెళ్ళాను. దరీ అప్పటికే పరిచి ఉంది.